చాకిబాన మొదలు గ్యాసు యంత్రము వఱకు

ఎండ కాయు దేశమున బట్ట నారవేయుట యొక విద్యగా పరిగణింపబడకుండుట సహజమే యైనను, ఆషాఢ శ్రావణముల ముసురులో హైదరాబాదున నివసించినవారెవరును దానిని తేలికగా చూడజాలరు. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణమునాడు పట్టిన వాన విడువక కురిసినచో, అమీర్‌పేట వసతిగృహముల వసారాలలో వ్రేలాడు బట్టలు దినములు గడచినను చెమ్మ వీడక ముక్కవాసన కొట్టుచుండును. ఈ చిక్కును తీర్చుటకు నిప్పును ఆశ్రయించుట నేటి మాట కాదు.

పంజగుట్ట చెంత నవాబు ఫక్రుల్‌ముల్కు కట్టించిన ఇర్రమ్‌మంజిల్ సౌధము నగరమునకు వెలుపలి మందిరముగా నుండిన కాలమున, ఈ ప్రాంతమంతయు శివారు. నాడు తెలంగాణమున గడీలయందును దేవిడీలయందును బట్టలుదుకు భారము రజకులదే. వారి శ్రమ వెట్టిచాకిరిగా గొనబడుటయు, 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘము వెట్టికి ప్రతికూలముగా ప్రచారము సాగించుటయు, పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంటను దక్కించుకొనుటకై విసునూరు దేశ్‌ముఖు నెదిరించుటయు చరిత్రప్రసిద్ధములు. ఆ శ్రమలో ఇమిడియున్న విద్యకు మాత్రము దక్కవలసిన గౌరవము దక్కలేదు.

మైలబట్టలకు చవుటిమన్ను నీరు పట్టించి, చాకిబానమీద వరుసగా పేర్చి, క్రింద మంట పెట్టి ఆవిరితో ఉడికించుటను ఉబ్బవేయుట యందురు. మంట మిక్కుటమైనచో నేత చెడును. ఆవిరి పైవరుస కెక్కనిచో మురికి విడువదు. కావున ఆవిరికి దారి విడిచి పేర్చుటయే అందలి నేర్పు. ఏ యింటి బట్ట ఏదియో తెలియుటకై అంచున నల్లజీడి రసముతో పెట్టిన గుర్తు ఎన్ని ఉదుకులకును చెరగదు. ఆరిన పిమ్మట ఇస్త్రీ. ఇత్తడి పెట్టెలో కణకణలాడు బొగ్గులు పోసి, అవి నివురు గప్పినపుడెల్ల చాకలి ఆ పెట్టెను పిడి పట్టి ఊయలవలె ముందు వెనుకల కూపును. ప్రక్క రంధ్రములగుండ గాలి దూరి నిప్పు మఱల ఎఱ్ఱబడును. పెట్టె వేడెక్కనిచో అతడు వెంటనే మఱికొంత బొగ్గు పోయడు; రంధ్రములలో బూడిద కూరుకొన్నదేమో చూచును. నేటి గ్యాసు యంత్రమును బాగుచేయు విద్యకు మూలము ఈ యలవాటులోనే కలదని నా నిశ్చయము.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము అవతరించిన వెనుక ఉద్యోగులు తరలివచ్చి, సంజీవరెడ్డినగరము మొదలగు కాలనీలు విస్తరిల్లెను. పంజగుట్టలో నేడు నిమ్స్‌గా పిలువబడు ఆసుపత్రి వెలసెను. 1990 దశకము నుండి అమీర్‌పేటలోని మైత్రీవనము చుట్టును కంప్యూటరు శిక్షణాలయములు కిక్కిరిసెను. బట్టలు పెరిగినవి, నీరు చెడినది. పరిశ్రమల వ్యర్థములు మోసికొని హుస్సేన్‌సాగరమున కలియు కూకట్‌పల్లి నాలాలో బట్ట ముంచు ప్రసక్తి లేదు. ఇచట చదివి అమెరికా కేగిన యువకులు గ్యాసుతో బట్టలార్చు యంత్రమును అచటి యిండ్లలో చూచిరి. ఆ దేశమున జార్జి శాంప్సన్ అను ఆఫ్రికన్ అమెరికన్ 1892లోనే పొయ్యి వేడితో బట్టలార్చు పరికరమునకు పేటెంటు పొందియుండెను.

2021 ఏప్రిల్ 1 నుండి తెలంగాణ ప్రభుత్వము లాండ్రీలకును ధోబీఘాటులకును నెలకు 250 యూనిట్ల విద్యుత్తును ఉచితముగా నొసగుచున్నది. ఇది ఇస్త్రీకి గొప్ప ఊరటయే. కాని గంటకు 5 యూనిట్లు గొను విద్యుత్తుతో బట్టలార్చు యంత్రము 50 గంటలలో దానిని హరించును. గ్యాసు యంత్రమునందు విద్యుత్తు పీపాను త్రిప్పుటకును గాలిని తోయుటకును మాత్రమే ప్రధానముగా వినియోగపడును.

పీపా తిరుగుచుండియు బట్ట వేడెక్కనపుడు యజమాని మొదట గ్యాసునే అనుమానించును. ఎడతెగక లాగినచో సిలిండరు చల్లబడి పీడనము తగ్గుట నిజమే. కాని బట్టలనుండి రాలు నూలుపీచు జల్లెడలోను గొట్టములోను పేరుకొని గాలి దారిని మూయుట తఱచు కనబడు కారణము. గాలి కదలక వేడి లోపలనే నిలిచినచో, రక్షణార్థము అమర్చిన ఫ్యూజు తెగును. పెక్కు యంత్రములలో అపుడు మంట రాక పీపా మాత్రము తిరుగును. పీచు తీయక ఫ్యూజును మాత్రమే మార్చినచో అదియు తెగును. దారి శుభ్రముగా నున్నను వేడి రానిచో వెలిగించు కడ్డీని పరికింపవలెను. అది ఎఱ్ఱబడనిచో కడ్డీనో ఫ్యూజునో పరీక్షింపవలెను. ఎఱ్ఱబడియు మంట అందుకొనక చల్లారినచో, గ్యాసు కవాటమును తెరచు తీగచుట్టలు బలహీనపడినవని ఊహింపవచ్చును. గ్యాసు వాసన సోకినచో మాత్రము ఈ పరీక్షలకు పూనుకొనరాదు: గ్యాసు కట్టి, తలుపులు తెరచి, విద్యుత్తు మీటలు ముట్టక, పని తెలిసినవానిని పిలువవలెను.

యంత్రము బాగుచేయు విద్యకు పుస్తకములు కలవు. ఉబ్బవేయు విద్య చేతులలోనే నిలిచినది. చాకిబానకు మంట పెట్టిన తరమువారు జీవించియుండగనే, వారి పనిముట్ల పేర్లను, పనితీరును వారి నోటనే విని గ్రంథస్థము చేయవలసినదిగా మన విశ్వవిద్యాలయములవారిని కోరుచున్నాను.