పరాయి కొలువున ప్రోగ్రాములు: ‘వైన్’ పుట్టుపూర్వోత్తరములు

ఒక వ్యవస్థకై రచింపబడిన ప్రోగ్రామును వేరొక వ్యవస్థపై నడపవలెనను కోరిక కంప్యూటరుల చరిత్రలో క్రొత్తది కాదు. 1964లో సిస్టమ్/360 యంత్రములను ప్రకటించిన ఐ.బి.ఎం. సంస్థ, పాత 1401 యంత్రమునకు వ్రాసిన ప్రోగ్రాములు వానిలో కొన్నింటిపై గూడ నడచునట్లు ఏర్పాటు గావించి, ఖాతాదారుల పూర్వపరిశ్రమ వ్యర్థము గాకుండ కాపాడెను.

అది యంత్రమును యంత్రము అనుకరించు పద్ధతి. 1990 తరువాత సమస్య రూపము మారెను. ఇంటెల్ ప్రాసెసరు ఒక్కటియే యయ్యును, దానిపై విండోసు, లినక్సు వేర్వేరుగా ఏలుబడి సాగింపజొచ్చెను. విండోసు ప్రోగ్రాములను నడపు సన్ సంస్థవారి ‘వాబి’ని చూచి ఉత్సాహము పొందిన బాబ్ ఆమ్‌స్టాట్, ఎరిక్ యంగ్‌డేల్ ప్రభృతులు 1993లో లినక్సునకై అట్టిదే యగు ‘వైన్’ నిర్మాణమునకు పూనుకొనిరి. మరుసటి యేట ఆ భారము వహించిన అలెగ్జాండర్ జూలియార్ దశాబ్దములు గడచినను దానిని విడువలేదు.

దీని కీలకమంతయు ఒక్క విషయమున నున్నది. ప్రోగ్రాములోని గణన భాగమును ప్రాసెసరు తానే గ్రహింపగలదు. కాని ఫైలు తెరచుటకు, కిటికీ గీయుటకు ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమును నిర్ణీత నామములతో అర్థింపవలెను. ఆ పిలుపులకు సరిగా బదులు పలుకగలిగినచో విండోసు లేకున్నను విండోసు కొలువే నడచును. ‘క్రియేట్‌ఫైల్’ అని ప్రోగ్రాము పిలిచినపుడు వైన్ దానిని లినక్సు ‘ఓపెన్’గా మార్చి, ‘సి’ డ్రైవు పేర నడుగబడిన ఫైలును వాడుకరి స్వంత ఫోల్డరులో దాగిన ‘డ్రైవ్_సి’ యందు వెదకును. విండోసు ఫైలు పేళ్లలో పెద్దబడి, చిన్నబడి అక్షరములకు భేదము పాటింపదు, లినక్సు పాటించును, కావున పేరు అక్షరాల కలియనిచో ఫోల్డరులోని పేళ్లన్నింటిని పరిశీలించి చూచు శ్రమ గూడ వైన్‌దే.

బదులు చెప్పుటకన్న విండోసు వలెనే బదులు చెప్పుట కష్టతరము. ఏలయన మైక్రోసాఫ్టు గ్రంథములలో వ్రాయని ప్రవర్తనలపై, ఒక్కొక్కచో దాని దోషములపై సైతము ఆధారపడిన ప్రోగ్రాములు కలవు. మైక్రోసాఫ్టు మూలకోడును చూడరాదను నియమమునకు కట్టుబడి, నిజమైన విండోసుపై పరీక్షలు నడపి, వచ్చిన ఫలితమునకు తమ ఫలితమును సరిచూచుకొనుచు సాగినందుననే, 1.0 వెలువడుటకు 2008 జూన్ 17 వరకు, అనగా పదునైదేండ్లు పట్టెను.

2018లో కంప్యూటరు ఆటల వ్యాపారము చేయు వాల్వ్ సంస్థ వైన్ ఆధారముగా ‘ప్రోటాన్’ను వెలువరింప, విండోసు ఆటలు లినక్సుపై విరివిగా ఆడబడెను, 2022 నాటి ఆ సంస్థవారి చేతి ఆటయంత్రము ‘స్టీమ్ డెక్’ దానిపైననే నిలిచినది. అంతకన్న విచిత్రమేమన, 16 బిట్ల నాటి ప్రోగ్రాములను నేటి 64 బిట్ల విండోసు స్వీకరింపదు. వానిలో అనేకము వైన్ ఆశ్రయమున నేటికిని నడచుచున్నవి. పుట్టినింట వెలివేయబడిన వానికి పరాయి కొలువే దిక్కైనది.