పడేసిన ముక్కలు తిరగేయకూడదు

పేక కలిపినవాడు తనే కోయడు. కలిపిన కట్టను కుడిచేతి పక్కనున్నవాడి ముందు పెడతాడు. అతను కోశాకే పంపకం. రమ్మీలో పదమూడో ముక్క పడేదాకా ఎవరూ తమ ముక్కల మీద చెయ్యి వెయ్యరు. వదిలిన ముక్కను వెనక్కి తీసుకోరు. వెనక కూర్చుని చూసేవాడు నోరు విప్పడు. నరసరావుపేటలో క్లబ్బు మెట్లెక్కినా, పర్చూరులో పత్తి బేరగాళ్ళ గదిలో కూర్చున్నా, చీరాలలో పెళ్ళివారి విడిదింట్లో చాప పరిచినా ఈ కట్టుబాట్లు ఇంచుమించు ఇవే. గోడ మీద ఎవరూ రాసిపెట్టరు. నేర్పిన బాబాయో మావయ్యో ఆటతో పాటే వీటినీ చెబుతాడు.

పోకర్ ఆడే దేశాల్లో ఈ పని పుస్తకాలు చేశాయి. 1742లో ఎడ్మండ్ హోయిల్ అనే ఆయన విస్టు ఆట మీద లండన్‌లో ఒక చిన్న పుస్తకం వేశాడు. పేకాటలో తగువు వస్తే హోయిల్ ఏమన్నాడో చూడమనడం అప్పటినుంచీ అలవాటైంది. పోకర్ మాత్రం 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో న్యూ ఆర్లియన్స్ చుట్టుపక్కల, మిసిసిపీ నది మీద తిరిగే ఆవిరి పడవల్లో పెరిగింది. దానికి చాలాకాలం ఇంటి పద్ధతే చట్టం. 1970లో లాస్ వేగస్‌లో బెనీ బినియన్ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత పోటీలు పెరిగి, ఒక ఊరి ఆటగాడు ఇంకో ఊళ్ళో ఓడి గొడవపడే పరిస్థితి వచ్చింది. చివరికి 2001లో కొందరు టోర్నమెంట్ డైరెక్టర్లు ఒక సంఘంగా ఏర్పడి ఉమ్మడి నియమావళి రాసుకున్నారు. ఒక చేతిని ఒకే మనిషి ఆడాలి, వంతు రాకుండా నోరు తెరవకూడదు, ఆట నడుస్తుండగా ముక్కల సంగతి బయటపెట్టకూడదు, రాసిన నియమం న్యాయానికి అడ్డొస్తే న్యాయం వైపే మొగ్గాలి అన్నవి అందులో ముఖ్యమైనవి. ఈ నాలుగూ పల్నాటి పెద్దమనిషి చేత చదివిస్తే వీటిలో కొత్తేముందని అడుగుతాడు.

మన బల్లల దగ్గరికి ఈ మర్యాద ఎలా వచ్చిందో చూడాలంటే పేక వచ్చిన దారి పట్టుకోవాలి. దారులు రెండు. ఒకటి నేల మీద నుంచి వచ్చింది. మొగలులతో గంజీఫా అనే గుండ్రటి ముక్కల ఆట వచ్చింది. బాబరు 1527లో సింధులోని షా హసన్‌కు గంజీఫా పంపినట్టు తన స్వీయచరిత్రలోనే రాసుకున్నాడు. ఆ గుండ్రటి ముక్కల మీద మనవాళ్ళు దశావతారాలు గీసుకున్నారు. నిర్మల్ చిత్రకారుల చేతుల్లో అదొక కళ అయింది. రెండో దారి సముద్రం. డచ్చి వర్తకులు 1605లో మచిలీపట్నంలో దిగారు. మరుసటి ఏడే నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నంలో కోఠీ పెట్టారు. ఈ తీరంలో నేసిన గుడ్డ కోసం వచ్చినవాళ్ళు, గాలి మళ్ళేదాకా ఓడ కదలని నెలల్లో ఏం చేసి ఉంటారో ఊహించడం కష్టం కాదు. క్లావర్, హార్టెన్ అని వాళ్ళు పిలిచే రంగులే మన కళావరు, ఆఠీను అయ్యాయని చెప్పడానికి ఆ పేర్ల పోలికే చాలిన సాక్ష్యం. నాలుగు మూలల ముక్క మనకు బజారు మనుషుల చేతుల మీదుగా వచ్చింది. మర్యాద కూడా బజారు మర్యాదగానే పెరిగిందని నా నమ్మకం.

గురజాడ కాలానికి పేక మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చేసింది. కన్యాశుల్కంలో మధురవాణి ఇంట్లో పేకాట లేకపోతే ఆ నాటకంలో సగం లోకం కనపడదు. అప్పటి ఆటల్లో బేస్తు ఒకటి. రమ్మీ ఇంకా తర్వాతిది. మెక్సికోలో, టెక్సాస్‌లో ఆడిన కాంకియన్ అనే ఆట దానికి మూలమంటారు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా అంతా పాకి, తెల్లవాళ్ళ క్లబ్బుల గుండా మన దగ్గరికి వచ్చింది. ఇక్కడ రెండు కట్టలు, పదమూడు ముక్కలు, కోసి తీసిన జోకరు, తప్పనిసరిగా ఒక ఒరిజినల్ సీక్వెన్సు ఉన్న మన రమ్మీగా స్థిరపడింది.

దానికి ఇల్లు దొరికింది క్లబ్బులో. తెల్లదొరల క్లబ్బులు చూసి మన పట్టణాల వకీళ్ళు, డాక్టర్లు, మిల్లు యజమానులు తమవీ పెట్టుకున్నారు. గుంటూరులోని ఎల్.వి.ఆర్. అండ్ సన్స్ క్లబ్బు పూర్తి పేరులో రీడింగ్ రూమ్ అన్న మాట కూడా ఉంది. పత్రికలు చదివే గది, టెన్నిస్ కోర్టు, పేక బల్ల ఒకే ఆవరణలో ఉండాలన్నది ఆ తరం ఆలోచన.

పత్తి, మిర్చి పండే ఈ నేలలో క్లబ్బు బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పత్తి జిన్నింగు మిల్లు ఆయన, మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి, పురుగుమందుల దుకాణం ఆయన, వందెకరాల రైతు. రాత్రి పేక ముందు ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళే పొద్దున మిర్చి టిక్కీల ముందు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరికొకరు బాకీ ఉంటారు, ఒకరింటి పిల్లను ఒకరు చేసుకుని ఉంటారు. ఇక్కడ ఆటలో మాట తూలితే ఆ రాత్రితో పోదు. మార్కెట్‌లో, పెళ్ళిపందిట్లో, పంచాయతీలో కూడా వెంటాడుతుంది. అందుకే ఈ బల్లల నియమాల్లో ఎక్కువ భాగం గెలుపు గురించి కాదు, ఓడినవాడి పరువు కాపాడటం గురించి.

ఒక్కొక్కటే చూడండి. ముక్కలు బాగా పడకపోతే మొదట్లోనే డ్రాప్ చేయవచ్చు, ఇరవై పాయింట్లు ఇస్తే సరి. ఒక ముక్క ఎత్తాక వదిలేస్తే నలభై. చివరిదాకా ఉండి చేతిలో ఎంత ఉన్నా ఎనభైకి మించి లెక్కకట్టరు. నష్టానికి ముందే గట్టు కట్టిన ఆట ఇది. డ్రాప్ చేసినవాడు ముక్కల్ని బోర్లించి కట్టలో కలిపేస్తాడు, అవి తిప్పి చూడటం తప్పు. ఎందుకు వదిలేశాడో, ఎంత భయపడ్డాడో తెలుసుకునే హక్కు ఇంకొకడికి లేదు. తప్పు షో చూపితే ఫుల్ కౌంట్ పడుతుంది. కానీ దాన్ని గుర్తుచేసి నవ్వినవాడిని పెద్దవాళ్ళు అక్కడే ఆపుతారు. గెలిచినవాడు గెలిచిన పళాన లేవడు, ఇంకెన్ని ఆటలు ఆడి వెళతాడో ముందే చెప్పాలి. ఓడినవాడు మాత్రం ఎప్పుడైనా లేవచ్చు, అతన్ని ఇంకో ఆట ఆడమని బతిమాలకూడదు. ఈ చివరిది అన్నిచోట్లా నిలవలేదు. నిలిచిన బల్లలకే మంచి పేరుంది.

అన్నిటికన్నా విలువైన నియమం వేరే ఉంది. పడేసిన ముక్కల దొంతరలో పైన కనపడేది ఒక్కటే చూడాలి. కింద ఏం పోయాయో చెయ్యి పెట్టి తిరగేయకూడదు. ఇస్పేటు ఏడు పోయిందా లేదా అన్నది ఎవరి బుర్రలో వాళ్ళు పెట్టుకోవాలి. చూడటానికి చిన్న పద్ధతే కానీ, ఈ దేశంలో రమ్మీకి చట్టం ఇచ్చిన చోటు చాలావరకు దీని మీదే నిలబడింది.

1963లో సికింద్రాబాదు క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. పందెం కట్టి రమ్మీ ఆడుతున్నవాళ్ళతో పాటు క్లబ్బు కార్యదర్శినీ కోశాధికారినీ కూడా నిందితులను చేశారు. ఫసలీ 1305 నాటి హైదరాబాదు జూద చట్టం కింద మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణల మధ్య నడిచిన ఆ కేసులో 1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేది, రమ్మీ అలా కాదు అన్నారు. పడిపోయిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి నేర్పు పాలే ఎక్కువ అన్నారు. పంపకంలో ఉండే అదృష్టం బ్రిడ్జి ఆటలోనూ ఉందిగా అని కూడా అన్నారు.

ఆ తీర్పు చదివితే న్యాయమూర్తి ముందుకు ఆట ఒక్కటే రాలేదని తెలుస్తుంది. క్లబ్బు వసూలు చేసే సిట్టింగ్ చార్జీ వచ్చింది, వేళ మించి కూర్చుంటే పడే లేటు ఫీజు వచ్చింది. ఇవి మరీ విపరీతంగా లేనంతవరకు జూదగృహం లాభం కిందికి రావన్నారు. రాత్రి పొద్దుపోయేదాకా బల్ల దగ్గర నిలబడే కుర్రాళ్ళకు అదనపు కూలి ఇవ్వాలి, దీపాల ఖర్చు ఉంటుంది అని లెక్కలోకి తీసుకున్నారు. అయితే ఇంటి యజమాని ఆట మీద లాభం తీస్తున్నట్టు రుజువైతే నేరమే అవుతుందని హెచ్చరిక కూడా పెట్టారు. క్లబ్బు ఇంటి పద్ధతులను అత్యున్నత న్యాయస్థానం ఇంత ఓపిగ్గా పరిశీలించడం నాకు గొప్పగా అనిపిస్తుంది. గుంటూరు, ఒంగోలు ప్రాంతాలకు అప్పట్లో 1930 నాటి మద్రాసు జూద చట్టం వర్తించేది. 1974లో రాష్ట్రమంతటికీ ఒకే చట్టం వచ్చినప్పుడు నేర్పుతో ఆడే ఆటలకు మినహాయింపు అందులో చోటు చేసుకుంది.

పోకర్ మన ఊళ్ళలో వేళ్ళూనలేదు. దానికి దగ్గరి చుట్టం మూడు ముక్కలాట మాత్రం ప్రతి ఊరికీ తెలుసు. చూడకుండా ఆడటం, చూసి ఆడటం, పెంచుతూ పోవడం, చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు కూర్చోవడం పోకర్ లక్షణాలే. దీనికి గట్టు లేదు. ఎనభై దగ్గర ఆగదు. కోత ముక్క, లోనా బయటా అనే ఆటలు ఇంకా ఘోరం, అక్కడ మర్యాదకు పనే లేదు, ముక్క తిరగడమే తరువాయి. సంక్రాంతి మూడు రోజుల్లో కోడిపందేల బరుల పక్కన, మామిడితోటల్లో ఇవి సాగుతాయి. పేకాట శిబిరంపై దాడి అని పత్రికల్లో రోజూ వచ్చే వార్తలు ఎక్కువగా వీటి గురించే. శివరాత్రికి కోటప్పకొండ చుట్టుపక్కల ఊళ్ళలో జాగారం పేరుతో పరిచే చాప మీద ఆట కూడా తెల్లారేలోపు దేనిలోకి జారుతుందో చెప్పలేం.

ఈ తేడాను తేలిగ్గా తీసుకునే నేల కాదిది. ఇక్కడ డబ్బు ఏడాదికొక్కసారి, ఒక్కసారే వస్తుంది. పత్తి తూకం వేసిన సాయంత్రమో మిర్చి పట్టీ చేతికొచ్చిన రోజో రైతు జేబులో ఉండేది అతని సొమ్ము కాదు, విత్తనాల బాకీ, మందుల బాకీ, కౌలు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పేకకూ ఆ చావులకూ ముడి పెట్టడం లేదు, అవి పంటా అప్పూ కలిసి చేసిన చావులు. అంత సన్నని అంచు మీద నడిచే ఇళ్ళలో గట్టులేని ఆట ఒక్క రాత్రిలో ఏం చేయగలదో చెప్పడానికే ఈ మాట.

తర్వాత చాలామందికి బల్లే మాయమైంది. ఫోనులో రమ్మీ, ఫోనులో పోకర్ వచ్చాయి. వెనక కూర్చున్న పెద్దమనిషి లేడు, ఇక లేవరా అనే బావ లేడు, తెల్లారితే ముఖం చూడాల్సిన ఎదుటివాడు లేడు. చాలా యాప్‌లలో పడేసిన ముక్కల జాబితా బటన్ నొక్కితే కనపడేది కూడా. సుప్రీంకోర్టు దేన్ని నేర్పులో భాగమందో దాన్నే తీసి పక్కన పెట్టి, నేర్పు ఆట అన్న ముద్రను మాత్రం ఉంచుకోవడం అన్యాయమని గట్టిగా చెప్పాలి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పందెం కట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నేర్పుదైనా అదృష్టానిదైనా ఒకటే అని అది తేల్చింది.

ఎదురెదురుగా కూర్చుని ఆడే రమ్మీ ఇంకా ఉంది. దానితో పాటు తేలని సంగతులూ ఉన్నాయి. జోకరు కోసం తీసిన ముక్క అచ్చు జోకరే అయితే ఆసు జోకరవుతుందనడంలో దాదాపు అందరిదీ ఒకే మాట. తెరిచి పెట్టిన మొదటి ముక్క జోకరైతే తొలి చేతివాడు ఎత్తుకోవచ్చని కొన్ని బల్లలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. మధ్యలో ఒకడు జోకరు పడేస్తే కిందివాడు ఎత్తుకోవచ్చా అన్న దాని మీదా ఊరికో తీరు. ఒంగోలు నుంచి గుంటూరు పెళ్ళికి వచ్చినవాడు చాప మీద కూర్చునే ముందు ఇవన్నీ అడిగి తెలుసుకోవాలి. పంపకం అయ్యాక అడిగితే, చేతిలో జోకరు ఉండబట్టే అడుగుతున్నాడని అందరికీ తెలిసిపోతుంది.