హబీబ్ తన్వీర్ ఏ ఊరివాడు?

“మీరు ముస్లిమా? తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నారే!” తెలుగు ముస్లింలలో ఈ మాట వినని వాళ్లు అరుదు. అన్నవాళ్లు మెచ్చుకున్నామనే అనుకుంటారు. తాతముత్తాతల గోరీలు ఈ మట్టిలోనే ఉన్న మాకు మాత్రం అది ‘ఇంతకీ మీరెక్కడివాళ్లు?’ అన్నట్టే వినిపిస్తుంది. ఆ ప్రశ్నకు యాభై ఏళ్లపాటు నాటకాలతో జవాబు చెప్పిన మనిషి హబీబ్ తన్వీర్.

ఆయన 1923లో రాయపూర్‌లో పుట్టారు. అసలు పేరు హబీబ్ అహ్మద్ ఖాన్. తన్వీర్ అనేది కవిగా పెట్టుకున్న తఖల్లుస్. తండ్రి పెషావర్ నుంచి వచ్చి రాయపూర్‌లో స్థిరపడ్డవారు. చిన్నప్పుడే చుట్టుపక్కల పల్లెల్లో ఛత్తీస్‌గఢీ పాటలు విన్నారు. నాగపూర్‌లో డిగ్రీ చదివి, అలీగఢ్ వెళ్లి, 1945లో బొంబాయి చేరారు. అక్కడ రేడియోలో పనిచేస్తూ అభ్యుదయ రచయితలతో, ఇప్టాతో కలిసి నడిచారు.

1954లో ఢిల్లీలో ‘ఆగ్రా బజార్’ ఆడించారు. అది నజీర్ అక్బరాబాదీ అనే కవి గురించిన నాటకం. దోసకాయల మీద, లడ్డూల మీద, ఈద్ మీద, హోలీ మీద రాసిన ఆ కవిని పండితులు చాలాకాలం కవిగానే లెక్కపెట్టలేదు. నాటకంలో ఒక దోసకాయలవాడు సరుకు అమ్ముడుపోక, తన కాయల మీద పద్యం రాసిపెట్టమని తిరుగుతాడు. చివరికి నజీర్ రాసిస్తాడు. నజీర్ మాత్రం రంగస్థలం మీద ఒక్కసారీ కనిపించడు. కనిపించేదంతా బజారే. అందులో జామియా మిలియా విద్యార్థులతోపాటు ఓఖ్లా పల్లెజనం కూడా నటించారు. ఉర్దూ అంటే నవాబులూ షాయిరీ మహఫిళ్లే అనుకునేవాళ్లకు, అది తోపుడుబండి భాష కూడా అని చూపించారాయన.

1955లో ఇంగ్లండ్ వెళ్లి రాయల్ అకాడమీలో నాటకం చదివారు. తర్వాత బెర్లిన్‌లో బ్రెక్ట్ నాటకసమాజం పని దగ్గరుండి చూశారు. ఆయన చేరేసరికే బ్రెక్ట్ కన్నుమూశారు. అంత తిరిగినవాడు 1958లో ఇండియా వచ్చి చేసిందేమిటి? ఛత్తీస్‌గఢ్ ‘నాచా’ కళాకారులు ఆరుగురిని ఢిల్లీకి తీసుకొచ్చి శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ ఆడించారు. మరుసటి ఏడు భార్య మోనికా మిశ్రాతో కలిసి ‘నయా థియేటర్’ పెట్టారు.

మొదట్లో ఆయనా తప్పు చేశారు. చదువు రాని ఆ నటుల చేత హిందీ పలికించారు. ఎటు నడవాలో, ఎక్కడ నిలబడాలో గీత గీసి చెప్పారు. పల్లెలో తెల్లవార్లూ జనాన్ని కదలనివ్వని కళాకారులు ఇక్కడ బిగుసుకుపోయారు. లోపం తన పద్ధతిలోనే ఉందని గ్రహించడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. 1973లో రాయపూర్‌లో నాచా శిబిరం పెట్టి, వాళ్ల భాష వాళ్లకే వదిలేశారు. అక్కడి నుంచే 1975లో ‘చరణ్‌దాస్ చోర్’ పుట్టింది. గురువుకిచ్చిన మాట తప్పలేక ప్రాణం పోగొట్టుకున్న దొంగ కథ అది. 1982లో ఎడిన్‌బరోలో బహుమతి గెలిచింది. ఫిదాబాయి, గోవింద్‌రామ్ నిర్మల్కర్ లాంటి పల్లె నటుల పేర్లు దేశమంతా తెలిశాయి.

ఇంత చేసినవాణ్ణీ ‘నువ్వెవరు?’ అని అడిగారు. ‘పొంగా పండిత్’ ఆయన రాసిన నాటకం కాదు. 1930లలో పల్లె కళాకారులే కట్టుకున్నది. పాకీపని చేసే స్త్రీని అంటరాదనే పురోహితుడు ఆమె డబ్బును మాత్రం అంటుకుంటాడు. ఏళ్ల తరబడి ఆడినా ఎవరికీ రాని కోపం 1992లో బాబ్రీ మసీదు కూల్చాక వచ్చింది. 2003లో మధ్యప్రదేశ్‌లో మళ్లీ దాడులు జరిగాయి. దాడిచేసినవాళ్లకు నాటకంలోని అంటరానితనం కనిపించలేదు. దర్శకుడి పేరే కనిపించింది. ముస్లిం కులం గురించి మాట్లాడకూడదట! నటులు హిందువులే, కథ వాళ్లదే అన్నా వినిపించుకోలేదు. ఆయన నాటకం ఆపలేదు.

ఆయన విమర్శ ఒకవైపే ఉందనే వాళ్లు అస్గర్ వజాహత్ రాసిన లాహోర్ నాటకం గుర్తుచేసుకోవాలి. తన్వీర్ దాన్ని 1990లో ఆడించారు. విభజన తర్వాత లాహోర్‌లో ఒంటరిగా మిగిలిన హిందూ ముసలమ్మ చనిపోతే, ఆమె ధర్మప్రకారమే దహనం చేయాలని చెప్పిన మౌల్వీని ముస్లిం గూండాలే చంపేస్తారు. మతం పేరుతో చేసే రౌడీతనం ఎవరిదైనా ఆయన చూపించారు.

మాకు ఇది పరాయి చరిత్ర కాదు. తన్వీర్ బొంబాయి ఇప్టాలో ఉన్న 1940లలోనే ఇక్కడ ప్రజానాట్యమండలిలో షేక్ నాజర్ బుర్రకథతో ఊళ్లు కదిలించారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన దూదేకుల బిడ్డ. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. జనం తిట్టుగా వాడే కులం పేరునే పుస్తకం పేరు చేసుకున్నారు. ఉర్దూ రాదని దూదేకులవాళ్లను చిన్నచూపు చూసినవాళ్లు మాలోనూ ఉన్నారు. పరాయివాళ్లమని మమ్మల్ని అన్నప్పుడు మండే కడుపు, మేం మావాళ్లను అన్నప్పుడెందుకు మండలేదు? తన్వీర్ తన తప్పు దిద్దుకున్నట్టు మేమూ దీన్ని దిద్దుకోవాలి.

2009 జూన్‌లో భోపాల్‌లో ఆయన చనిపోయారు. కూతురు నగీన్ సమాజం బాధ్యత తీసుకున్నారు. హబీబ్ తన్వీర్ ఏ ఊరివాడు? పెషావర్‌వాడని అనేవాళ్లు అననీ. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఆయనతో ఆడి పాడినవాళ్లకు ఈ ప్రశ్న అడగాలనే తోచలేదు. మమ్మల్నీ ఎవరూ అడగనవసరంలేని రోజు కోసమే మేం రాస్తున్నాం, తెలుగులో.