వానపాము వంశం

తొలకరి వాన కురిసిన మరునాటి ఉదయం పొలంగట్టు వెంట నడిచినవారికి వానపామును కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. గాలానికి గుచ్చే ఎరగా అది పిల్లలకు కూడ తెలిసినదే. సంస్కృతంలో దానికి భూనాగమనీ, మహీలత అనీ పేర్లున్నవి. దానికి కన్నులు లేవు, చెవులు లేవు, కాళ్లు లేవు. అయినా నేలను గుల్లచేసే పనిలో నాగలికంటె ఎంతో ముందు పుట్టినది.

ఈ అల్పప్రాణికి మనం పంటల మీద చల్లే మందులు ఏమి చేస్తున్నవి? ఆ ప్రశ్నను సరిగా అడగడం నేర్చుకొనడానికే శాస్త్రజ్ఞులకు ఇంచుమించు నూరేండ్లు పట్టినది. మొదట వారు, మందు తగిలిన వానపాము చచ్చినదా, బ్రదికినదా అని అడిగినారు. చాల ఆలస్యంగా, బ్రదికిన వానపాముకు పిల్లలు కలిగినవా అని అడిగినారు. మొదటి ప్రశ్న నుండి రెండవ ప్రశ్నకు వారు ఎట్లు చేరినారో చెప్పడమే ఈ ప్రసంగం యొక్క ఉద్దేశం.

వానపాము విలువను గుర్తించినవారిలో ఇంగ్లండు దేశపు మతాచార్యుడు గిల్బర్ట్ వైట్ ఒకడు. 1777లో వ్రాసిన ఒక లేఖలో, ఈ ప్రాణులు లేకపోతే నేల గట్టిపడి నిస్సారమైపోతుందని ఆయన అభిప్రాయపడినాడు. అరువది ఏండ్ల తరువాత, 1837లో, యువకుడైన చార్లెస్ డార్విన్ లండన్ భూగర్భశాస్త్ర సంఘం ఎదుట వానపాములను గురించి ఒక వ్యాసం చదివినాడు. పచ్చికబీళ్ల మీద చల్లిన సున్నం, బొగ్గుకసవు కొన్ని ఏండ్లకు నేలలోపలికి దిగిపోవడానికి కారణం వానపాములేనని ఆయన వాదన. క్రింది మట్టిని మ్రింగి పైకి తెచ్చి కుప్పలు పోసేది అవి. అట్లా పైన మట్టి పెరిగినకొలది, చల్లిన వస్తువు అడుగునకు పోతుంది.

డార్విన్ అంతటితో ఊరకుండలేదు. 1842 డిసెంబరులో తన ఇంటి సమీపాన ఉన్న పొలంలో సుద్దముక్కలు చల్లించినాడు. 1871 నవంబరులో, అనగా 29 సంవత్సరాల తరువాత, అక్కడ కందకం త్రవ్వించినాడు. సుద్ద పొర ఏడు అంగుళాల లోతున కనిపించినది. ఒక్క ప్రయోగ ఫలితం కోసం ముప్పది ఏండ్లు వేచియున్న ఓర్పు అది. 1881లో ఆయన ప్రకటించిన వానపాముల గ్రంథంలో, ఇంగ్లండులోని అనేక ప్రాంతాలలో ఎకరాకు ఏటా పది టన్నులకు పైగా మట్టి ఈ ప్రాణుల ఉదరంగుండా పయనిస్తున్నదని లెక్కగట్టినాడు. మరుసటి సంవత్సరం ఏప్రిలులో ఆయన మరణించినాడు. నేలకు వానపాము చేసే ఉపకారం లోకానికి తెలిసినది. నేలకు మనుష్యుడు చేసే అపకారం వానపాముకు ఎట్లా తగులుతుందో తెలుసుకొనవలసిన కాలం అప్పుడే ఆరంభమవుతున్నది.

ఫ్రాన్సు దేశంలోని బోర్డో ప్రాంతంలో ద్రాక్షతోటలకు బూజుతెగులు సోకి రైతులు అల్లాడుతున్న రోజులవి. బాట ప్రక్కనున్న ద్రాక్షపాదుల మీద, దొంగలు ముట్టకుండా, మైలుతుత్తం, సున్నం కలిపి చల్లే ఆచారం అక్కడ ఉండేది. అట్లా చల్లిన పాదులకు తెగులు సోకకపోవడం ఆచార్య మిలర్డే కంటబడినది. 1885లో ఆయన ఆ మిశ్రమాన్ని లోకానికి ప్రకటించినాడు. నాటినుండి బోర్డో మిశ్రమం ద్రాక్ష, బంగాళాదుంప, ఆపిల్ మొదలైన పంటలకు రక్షణగా నిలిచినది. దానివల్ల బ్రదికిన కుటుంబాలెన్నో ఉన్నవి. ఆ మేలును తక్కువ చేయరాదు. కాని మైలుతుత్తంలోని రాగి ఒక లోహం. అది కుళ్లదు, ఆవిరి కాదు. ఆకుల మీదనుండి జారి నేలలో చేరినది నేలలోనే నిలుస్తుంది. ఏటేటా చల్లితే ఏటేటా పెరుగుతుంది.

ఆ ఫలితం 1960 ప్రాంతంలో ఇంగ్లండులోని విస్బెక్ పరిసరాల ఆపిల్ తోటలలో బయటపడినది. అక్కడి నేలలలో రాగి ఎంత పేరుకొన్నదో 1961లో శాస్త్రజ్ఞులు కొలిచి చూపినారు. మరుసటి ఏడు రాథమ్‌స్టెడ్ పరిశోధనాలయానికి చెందిన రా అనే శాస్త్రజ్ఞుడు, ఆపిల్ తోటలలో రాలిన ఆకులు ఏమవుతున్నవో వివరించినాడు. ఆరోగ్యంగా ఉన్న తోటలో చలికాలం ముగిసేసరికి రాలిన ఆకులలో నూటికి తొంబదిపాళ్లకు పైగా వానపాములు తమ బొరియలలోనికి లాగుకొనిపోయినవి. ఏండ్ల తరబడి రాగి మందు చల్లిన తోటలో వానపాములు దాదాపు లేనేలేవు. ఆకులు కుళ్లక, మట్టిలో కలియక, చాపవలె నేలను కప్పివేసినవి.

ఇక్కడ శ్రోతలు ఒక సంగతి గమనించవలెను. ఆ తోటలో ఏదో ఒకనాడు వానపాములు గుంపులు గుంపులుగా చచ్చి పడియుంటే, యజమాని చూచియుండేవాడు, కారణం వెదకియుండేవాడు. నేల లోపల కొద్దికొద్దిగా జరిగే తరుగుదలకు అటువంటి ఆనవాలు ఉండదు. తరువాతి కాలపు పరిశోధనలు ఇందలి రహస్యాన్ని విప్పినవి. వానపామును చంపడానికి కావలసిన రాగి కంటె, దాని సంతానాన్ని తగ్గించడానికి కావలసిన రాగి చాల తక్కువ. పెద్దవి తమ ఆయుర్దాయం మేరకు బ్రదుకవచ్చు. వాటి స్థానంలోకి రావలసిన పిల్లలు రాకపోతే చాలు, కొన్ని ఏండ్లకు నేల ఖాళీ అవుతుంది.

అదే కాలంలో అమెరికా నుండి మరొక హెచ్చరిక వినవచ్చినది. ఎల్మ్ చెట్లకు తెగులును మోసే పురుగులను చంపడానికి అక్కడి పట్టణాలలో డి.డి.టి. చల్లినారు. కొంతకాలానికి వసంతంలో వచ్చే రాబిన్ పక్షులు వణకుతూ పడి చావసాగినవి. చల్లినది చెట్టుమీద, చచ్చినది పచ్చికలో తిరిగే పక్షి. ఇల్లినాయ్‌కి చెందిన రాయ్ బార్కర్ 1958లో ఈ చిక్కు విప్పినాడు. మందు తడిసిన ఆకులు రాలినవి. వానపాములు ఆ ఆకులను తిన్నవి. ఆ వానపాములను రాబిన్ తిన్నది. చాల వానపాములు విషాన్ని దేహంలో నిలుపుకొని కూడ బ్రదికే ఉన్నవి. రేచల్ కార్సన్ 1962లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథంలో ఈ కథను లోకానికంతటికీ వినిపించినది. బ్రదికియున్న పక్షులు కూడ గూళ్లు కట్టి, గ్రుడ్లు పొదిగి, పిల్లలను చూడలేకపోయిన సంగతి ఆమె పేర్కొన్నది. ప్రాణి బ్రదికియున్నంత మాత్రాన క్షేమంగా ఉన్నదని చెప్పడానికి వీలులేదన్న పాఠం ఆ పక్షుల వల్ల ప్రజలకు తెలిసినది.

ఆ తరువాత వచ్చినది బెనోమిల్. 1968లో విపణిలోకి ప్రవేశించిన ఈ శిలీంధ్రనాశని చాల తెగుళ్లకు మంచి మందుగా పేరుపొందినది. అది మొక్కలోను, మట్టిలోను విరిగి కార్బెండజిమ్ అనే పదార్థంగా మారుతుంది. లాంగ్ ఆష్టన్ పరిశోధనా కేంద్రానికి చెందిన స్ట్రింగర్, లయన్స్ అనే శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించిన పరిశీలనలో, బెనోమిల్ చల్లిన ఆపిల్ తోటలలో ఆకులు లాగే పెద్ద వానపాము దాదాపు కనుమరుగైనదని తేలినది. ఇందులో ఒక వైపరీత్యం ఉన్నది. ఆపిల్‌కు సోకే స్కాబ్ తెగులు రాలిన ఆకులలో చలికాలం గడుపుతుంది. ఆ ఆకులను పూడ్చివేసి తెగులును అణచే సేవకుడు వానపాము. ఏ తెగులు కోసం మందు చల్లినారో, ఆ తెగులుకు ప్రకృతిసిద్ధమైన శత్రువును ఆ మందే తొలగించినది.

ఇన్ని అనుభవాలు కలిగిన పిదప, కొత్త రసాయనం పొలానికి రాకముందే దానిని వానపాము మీద పరీక్షించవలెనన్న అభిప్రాయం బలపడినది. కాని దేశానికొక పద్ధతి, పరిశోధనాలయానికొక మట్టి ఉంటే ఫలితాలు పోల్చడం ఎట్లా? రాథమ్‌స్టెడ్‌లో పనిచేసిన క్లైవ్ ఎడ్వర్డ్స్ ఐరోపా ఆర్థిక సమాజం కోసం ఒక సమానమైన పద్ధతిని రూపొందించి 1983లో నివేదించినాడు. నూటికి డెబ్బది పాళ్లు ఇసుక, ఇరువది పాళ్లు తెల్ల బంకమన్ను, పది పాళ్లు నాచు కుళ్లిన పీటు కలిపిన కృత్రిమమైన మట్టి అది. ఎక్కడ కలిపినా ఒకే తీరుగా ఉంటుంది. 1984లో ఆర్థిక సహకారాభివృద్ధి సంస్థ దీని ఆధారంగా తన 207వ పరీక్షా సూత్రాన్ని వెలువరించినది. మందు కలిపిన మట్టిలో వానపాములను పదునాలుగు రోజులు ఉంచుతారు. పిదప ఒక్కొక్కదానిని ముందుకొన వద్ద మెల్లగా తాకి చూస్తారు. కదలనిది చచ్చినదని లెక్క. సగం వానపాములను చంపే మోతాదు ఎంతో తేలుతుంది.

ఇది గొప్ప ముందడుగే. అయినా అడిగినది మొదటి ప్రశ్న మాత్రమే. రెండవ ప్రశ్నకు పద్ధతి కల్పించడంలో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ గెస్టెల్, ఆయన సహచరులు ముఖ్యులు. 1989లో వారు వానపాము సంతానోత్పత్తి మీద పరీక్షను ప్రకటించినారు. వారు ఎన్నుకొన్న మూడు పదార్థాలలో ఒకటి రాగి. బోర్డో మిశ్రమం ప్రకటితమై అప్పటికి 104 ఏండ్లు. 1998లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ సంతానోత్పత్తి పరీక్షకు ప్రమాణం ఏర్పరచినది. 2004లో ఆర్థిక సహకారాభివృద్ధి సంస్థ 222వ సూత్రాన్ని వెలువరించినది. 2016లో దానిని సవరించినది.

ఆ పరీక్ష జరిగే తీరు ఇది. వానపాములో ఆడ, మగ అన్న భేదం లేదు. ప్రతిదానిలోను రెండు లక్షణాలూ ఉంటవి. యుక్తవయస్సు వచ్చినదానికి దేహం ముందుభాగాన నడికట్టు వంటి దళసరి పట్టీ ఏర్పడుతుంది. జతకూడిన పిదప ఆ పట్టీ నుండి చిన్న గ్రుడ్లతిత్తులు వెలువడి మట్టిలో పడతవి. అటువంటి యుక్తవయస్సు వానపాములను ఒక్కొక్క పాత్రకు పది చొప్పున మట్టిలో వదులుతారు. కొన్ని పాత్రలలో మందు ఉండదు. మిగిలినవానిలో మోతాదు క్రమంగా పెరుగుతుంది. ఇరువది డిగ్రీల వెచ్చదనం, తగినంత తేమ, వారానికొకసారి ఆహారంగా పేడ. నాలుగు వారాలు గడచిన తరువాత పెద్దవానిని తీసి, లెక్కించి, తూచుతారు. తిత్తులను మట్టిలోనే ఉంచి, మరి నాలుగు వారాలు ఆగుతారు. యాబదియారవ రోజున పాత్రలను వేడినీటి తొట్టెలో ఉంచితే, పిల్లలు వేడికి తాళలేక పైకి వస్తవి. వానిని లెక్కిస్తారు. మందులేని పాత్రలో కనీసం ముప్పది పిల్లలైనా పుట్టకపోతే ఆ పరీక్ష చెల్లదు.

పరీక్ష సరిగా సాగుతున్నదో లేదో తెలియడానికి ఒక తూనికరాయి కావలెను గదా! అందుకు సూచించిన పదార్థాలలో ఒకటి కార్బెండజిమ్. కిలో ఎండుమట్టికి ఒకటి మొదలు అయిదు మిల్లీగ్రాముల వరకు ఉన్నప్పుడే దానివల్ల పిల్లల సంఖ్య తగ్గి కనిపించవలెనని నియమం. ఒకనాడు ఆపిల్ తోటలను వానపాములు లేకుండా చేసిన విషం ఈనాడు వానిని కాపాడే పరీక్షకు కొలతబద్ద అయినది. బెనోమిల్‌ను మన దేశంలో 2018లో నిషేధించినారు.

ఈ పరీక్షతో అంతా తేలిపోయినదని కూడ అనుకొనరాదు. ఇందులో వాడే ఐసీనియా జాతి వానపాము నిజానికి పేడకుప్పలలో పెరిగేది. మన తెలుగు పల్లెలలో వర్మికంపోస్టు తొట్లలో పెంచే ఎర్ర వానపాము ఆ జాతిదే. త్వరగా పెరుగుతుంది, ఎక్కువ పిల్లలను కంటుంది; కనుక పరీక్షకు అనువైనది. దక్షిణదేశపు పొలాలలో తరచు కనిపించే లాంపిటో మారిటి వంటి జాతుల స్వభావం వేరు. ఇరువది డిగ్రీల చల్లదనంలో, పీటు కలిపిన మట్టిలో తేలిన అంకెను మన నల్లరేగడికి, ఎర్రచెలకకు, నలువది డిగ్రీల వేసవికి యథాతథంగా అన్వయించలేము. పైగా యాబదియారు రోజులు ఒక తరానికే సాక్ష్యం. విస్బెక్ తోటలలో రాగి పేరుకొనడానికి ఎన్నో ఏండ్లు పట్టినవి. అందువల్లనే, పొలంలోనే దీర్ఘకాలం సాగే పరీక్షకు కూడ 1999లో అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడినది.

అయినా ఆ పాత్రలలోని పిల్లల లెక్క మనకు ఒక విలువైన సంగతి తెలుపుతున్నది. మందు చల్లిన మరునాడు పొలంలో వానపాము కదలుతూ కనిపించినంత మాత్రాన ఆ నేలకు హాని జరుగలేదని నిర్ణయించరాదు. ఆ సంగతి తెలియడానికి రెండు నెలలైనా ఆగి, పిల్లలను చూడవలెను. ఓపికగల రైతు ఈ పనిని తన పొలంలోనే చేసుకొనవచ్చును. ఏటా వానకాలంలో ఒకే తావున, ఒకే కొలత గల గుంట త్రవ్వి, అందులో పెద్దవి ఎన్ని, నడికట్టు ఇంకా ఏర్పడని పిల్లలు ఎన్ని అని వ్రాసి ఉంచుకొంటే, నాలుగేండ్లలో తన నేల సంగతి తనకే తెలుస్తుంది. పెద్దవి ఉండి పిల్లలు లేని నేల కనిపిస్తే, వాడుతున్న మందు విషయం ఆ ఏడే ఆలోచించవలెను. పెద్దవి కూడ పోయేదాక ఆగరాదు.