పెట్టె తెరిచినా బాణాల లెక్క తప్పకూడదు

ఈరోజు ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

ఉద్యోగంలో రెండో ఏడాది. ఒక క్లయింట్ రీఫండ్ ప్రాసెస్ మొత్తాన్ని ఒకే డయాగ్రామ్‌లో గీశాను. డెబ్బై దాకా పెట్టెలు, వాటి మధ్య నూడుల్స్‌లా బాణాలు. మీటింగ్‌లో అందరూ "సూపర్" అన్నారు. ఒక్కరూ చదవలేదు. బ్యాంక్ డబ్బు వెనక్కి పంపేస్తే తర్వాత ఎవరు చూడాలి? ఆ బాణమే అందులో లేదు. లైవ్‌కి వెళ్లాక మూడు వారాలు కస్టమర్ల డబ్బు మధ్యలో ఇరుక్కుపోయింది.

అప్పుడు నేను వెతుక్కుంటూ వెళ్లిన చరిత్ర ఇది.

1921లో అమెరికాలో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు "ప్రాసెస్ చార్ట్" పెట్టారు. ఒక పని మొదటి నుంచి చివరి దాకా, అడుగడుగునా చిన్న గుర్తులతో. పని ఒకే వరుసలో సాగినంత కాలం అది చాలు. 1947కి గోల్డ్‌స్టైన్, వాన్ నాయిమన్ కంప్యూటర్ ప్రోగ్రామ్‌లకి ఫ్లో డయాగ్రామ్‌లు గీశారు. ఇక కొమ్మలు, లూపులు వచ్చేశాయి. సిస్టమ్‌లు పెరిగేకొద్దీ కాగితమూ పెరిగింది, అర్థమయ్యేది మాత్రం తగ్గింది.

దీనికి డగ్లస్ రాస్ 1970ల్లో ఒక దారి చూపించాడు. ఆయన పద్ధతి పేరు ఎస్‌ఏడీటీ. దాని ఆధారంగానే అమెరికా ఎయిర్‌ఫోర్స్ ఫ్యాక్టరీల పనిని వివరించడానికి ఐడెఫ్ జీరో తయారు చేయించింది, 1981లో దాని మాన్యువల్ వచ్చింది. రూల్ చాలా సింపుల్. అన్నిటికంటే పైన ఒకే ఒక్క పెట్టె. దాన్ని తెరిస్తే లోపల 3 నుంచి 6 పెట్టెలు, అంతకు మించి వద్దు. ఇంకా వివరం కావాలా? అందులో ఒక పెట్టెని మళ్లీ తెరవండి. అదే లేయర్.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. అసలు సంగతి రెండో రూల్‌లో ఉంది. పై పెట్టెలోకి వచ్చే బాణాలు, బయటికి పోయే బాణాలు, తెరిచిన కింది బొమ్మ అంచుల్లో కూడా కనిపించాలి. 1978లో టామ్ డిమార్కో డేటా ఫ్లో డయాగ్రామ్‌ల గురించి రాసినప్పుడు దీన్నే బ్యాలెన్సింగ్ అన్నాడు. మన ఇళ్లల్లో పద్దు రాసినట్టే అనుకోండి: పై మొత్తం, లోపలి ఖర్చులు కలవాలి.

అంటే లేయర్లు వివరాన్ని దాచిపెట్టడానికి కాదు. ఎక్కడ ఏది తప్పిపోయిందో పట్టుకోవడానికి.

నా డయాగ్రామ్‌ని మళ్లీ గీశాను. పైన 5 పెట్టెలు. "డబ్బు పంపడం" అనే పెట్టెలోకి "బ్యాంక్ తిరస్కరించింది" అని ఒక బాణం. ఆ పెట్టె తెరిస్తే, లోపల ఆ బాణం దిగడానికి చోటే లేదు! అకౌంట్స్ మేడమ్ చూడగానే అడిగారు: "ఇది ఎవరి దగ్గరికి వస్తుంది బాబూ?" ఆ ఒక్క ప్రశ్న మొదటి మీటింగ్‌లోనే రావాల్సింది. రానివ్వనిది నా డెబ్బై పెట్టెలే.

2004లో వచ్చిన బీపీఎంఎన్‌లో పెట్టె మీద ప్లస్ గుర్తు పెడితే లోపల ఇంకో ప్రాసెస్ ఉందని అర్థం. ఆ గుర్తు పెట్టడం క్షణం పని. లోపల బాణాలు సరిపోయాయో లేదో చూడడమే అసలు పని.

ఈ వారం మీ టీమ్‌లో అతి పెద్ద డయాగ్రామ్ తీసి, 6 పెట్టెలకి కుదించి చూడండి. ఏ బాణం దిక్కులేకుండా మిగిలిందో నాకు చెప్పండి. మళ్లీ కలుద్దాం!