చువ్వలు తీసేసి కందకం తవ్వారు

ఒకప్పుడు హైదరాబాద్ జూ నాంపల్లిలో ఉండేది. నిజాంల నాటి బాగే ఆంలో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో. నేటి జూ పార్కు కథ 1959 అక్టోబరు 26న మొదలైంది. బహదూర్‌పురా దగ్గర, మీర్ ఆలం చెరువును ఆనుకుని 380 ఎకరాలు దానికి కేటాయించారు. 1963 అక్టోబరు 6న నెహ్రూ పేరిట జనానికి గేట్లు తెరిచారు.

ఆ స్థలం ఎంపిక గొప్పది. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో 21 కమానులతో కట్ట కట్టిన ఆ చెరువు ఒకనాడు నగరానికి తాగునీరిచ్చింది. ఆ నీటి పక్కన చెట్లు పెంచారు, జంతువులకు చువ్వల బోన్లకు బదులు ఆరుబయలు ఆవరణలు కట్టారు. ఈ పద్ధతికి దారి చూపినవాడు కార్ల్ హాగెన్‌బెక్. 1907లో జర్మనీలోని హాంబర్గ్ దగ్గర ఆయన తెరిచిన జూలో జంతువుకూ మనిషికీ మధ్య చువ్వలుండవు, కందకం ఉంటుంది. చెప్పినంత తేలిక కాదది. పులికి ఈత బాగా వచ్చు. అందుకే నీళ్లు నింపితే చాలదు, ఇవతలి గోడ అది దూకినా అందనంత ఎత్తుండాలి, చూసేవాళ్ల కంటికి మాత్రం అడ్డు రాకూడదు.

1974లో సింహాల సఫారీ వచ్చింది. దేశంలో అదే మొదటిదని చెబుతారు. అక్కడ వాహనంలో బందీగా కూర్చునేది మనిషే. 1982లో నిశాచర జంతువుల కోసం ప్రత్యేక భవనం కట్టారు. లోపల రాత్రిని పగలుగా, పగటిని రాత్రిగా మార్చి, సందర్శకులు వచ్చే వేళకు ఆ ప్రాణులు మెలకువగా ఉండేలా చూశారు.

ఎంత పెద్ద ఆవరణైనా అడవి కాదు. ఆ వెలితిని ఈ జూ కొంతైనా తీర్చింది మూషిక జింక విషయంలో. మూడు కిలోల పాటి బరువుండే, కొమ్ముల్లేని, రాత్రిపూట తిరిగే ఈ బెదురు ప్రాణిని సీసీఎంబీ (సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రం) శాస్త్రవేత్తలతో కలిసి 2010 నుంచి ఇక్కడ పెంచి సంతతి వృద్ధి చేశారు. 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. అరవై ఏళ్ల చరిత్రలో సింహాల సఫారీ కన్నా ఇదే పెద్ద ఘనత.

ఊళ్ల నుంచి పిల్లలను జూకు తీసుకొచ్చే పంతుళ్లకు ఒక విన్నపం: పులినీ సింహాన్నీ చూపించాక, అమ్రాబాద్‌కు తిరిగి వెళ్లిన ఆ చిన్న జింక సంగతి కూడా చెప్పండి.