గంటలా, రోజులా? ఉధ్నా తెలుగు కుటుంబాల్లో బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మత నిర్ధారణ

సూరత్‌లోని ఉధ్నా, లింబాయత్ ప్రాంతాల్లో మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు స్థిరపడ్డాయి. అలాంటి ఇంట్లో ఒక యువతి క్షణం చిత్తం క్షణం మాయగా ఉంటోందని, కోపమొస్తే చేయి కోసుకుంటోందని వైద్యుడి దగ్గరికి తీసుకొచ్చారనుకుందాం. బోర్డర్‌లైన్ రుగ్మత, బైపోలార్, సంక్లిష్ట పీటీఎస్‌డీ (తీవ్ర మానసిక ఆఘాతం తర్వాత వచ్చే రుగ్మత) మూడూ ఆయన మనసులో మెదులుతాయి. లక్షణాల జాబితాతోనే వీటిని విడదీయలేం. మార్పు ఎంతసేపు నిలిచింది, దేనివల్ల రేగింది, ఎప్పటి నుంచి ఉంది అని ఆరా తీస్తేనే తేడా తెలుస్తుంది.

1938లో మనోవిశ్లేషకుడు అడాల్ఫ్ స్టెర్న్ చర్చించిన బోర్డర్‌లైన్ కోవ రోగుల స్థితికి 1980లో అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-3 రుగ్మతగా స్థానమిచ్చింది. నేటి డీఎస్ఎం-5 ప్రకారం తొమ్మిది ప్రమాణాల్లో ఏ ఐదున్నా చాలు. అంటే 256 కలయికలు సాధ్యం. ఇద్దరు రోగులకు ఒక్క లక్షణమే ఉమ్మడిగా ఉండవచ్చు. అందుకే కాలం లెక్క కీలకం. బైపోలార్‌లో హైపోమేనియా (మేనియా కన్నా తేలికైన అతి ఉత్సాహ దశ) కనీసం 4 రోజులు, మేనియా సాధారణంగా వారం నిలవాలి. నిద్ర తగ్గినా ఉత్సాహం తగ్గదు. బోర్డర్‌లైన్‌లో భర్త ఫోన్ ఎత్తకపోతే నిమిషాల్లో భగ్గుమన్న ఆవేశం, తనను వదిలేస్తాడన్న భయం, సాయంత్రానికల్లా పశ్చాత్తాపంగా మారవచ్చు. సంక్లిష్ట పీటీఎస్‌డీలో తాను పనికిరాననే భావన స్థిరంగా ఉంటుంది. మనుషులను అంటిపెట్టుకోవడం కన్నా దూరం జరగడమే ఎక్కువ.

బోర్డర్‌లైన్, బైపోలార్ రెండూ ఒకరిలోనే ఉండవచ్చు కదా అనవచ్చు. నిజమే. అయితే అప్పుడూ రెండు కాలక్రమాలను విడిగా నిరూపించాలి. మరమగ్గాల రాత్రి పాళీ వల్ల కలిగే నిద్రలేమి బైపోలార్ ఉన్నవారిలో మేనియాను రేపగలదు. మామూలు మనిషిలో చిరాకునూ పెంచుతుంది. కాబట్టి పాళీ మారిన తేదీలను ఆవేశం వచ్చిన తేదీల పక్కన పెట్టి చూడాలి. బోర్డర్‌లైన్ అని పేరు పెడితే జీవితాంతం ముద్ర పడుతుందన్నది మరో అభ్యంతరం. కానీ 1992లో మొదలై 290 మంది బోర్డర్‌లైన్ రోగులను గమనించిన అమెరికాలోని మెక్లీన్ ఆసుపత్రి అధ్యయనంలో పదేళ్లలో 93 శాతం మందికి కనీసం రెండేళ్లపాటు లక్షణాలు తగ్గాయి. పేరు తప్పితే చికిత్సా తప్పుతుంది: బోర్డర్‌లైన్‌కు ప్రధానమైనది డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) వంటి మానసిక చికిత్స, ఈ రుగ్మత కోసమే మందులు వాడవద్దని 2009లో బ్రిటన్ మార్గదర్శకాలు చెప్పాయి.

ఉధ్నాలో అసలు చిక్కు సమాచారం రాబట్టడంలోనే ఉంది. గుజరాతీ, హిందీ రాని కోడలి మాటను వైద్యుడికి చెప్పేది భర్తో అత్తో అయితే, తగాదాలో ఒక పక్షమే సాక్షి కూడా అవుతుంది. ఆమె భయం మరుగున పడి, కోపం మాత్రమే నమోదవుతుంది. కాబట్టి ఆమెతో తెలుగులో, ఒంటరిగా మాట్లాడాలి. పెళ్లికి ముందు ఆమె స్వభావం గురించి ఊళ్లోని పుట్టింటివారిని, ఆమె అనుమతితో, ఫోన్‌లో అడగాలి. కోసుకోవడం ఉంటే ప్రాణరక్షణ వెంటనే మొదలవ్వాలి, రోగం పేరు మాత్రం కొన్ని వారాలు ఆగవచ్చు.